తామార్ కొడుకు నాణెం

శుక్రవారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు కెనడాలోని కిచెనర్‌లో రాఘవులు గారి ఇంటి బెల్ నొక్కాను. మధ్యాహ్నం రెండింటికి గ్లోరియా మీద పోలీసులకు కంప్లయింట్ వెళ్ళబోతోంది. ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటర్ శంకర్ ముందు రోజే ఫోన్ చేసి మరీ చెప్పాడు. చెబుతున్నప్పుడు వాడి గొంతులో సంతోషం దాగలేదు.

నా పేరు రత్నరాజు. ఊరు నర్సాపురం, ఉండేది నార్త్ యార్క్‌లో. పదమూడేళ్ళుగా ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు మీద బతుకుతున్నాను. నాకు వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు, దొంగ రెజ్యూమేలు. ఇలాంటి కేసు నా జన్మలో ఇదే మొదటిది. ఎనిమిది వందల ఏళ్ళనాటి జార్జియా రాగి నాణేలు పదకొండు, ఉన్న సొరుగులోనే ఉండి, దొంగవిగా మారిపోయాయట. జార్జియా అంటే అమెరికాలోది కాదు, కాకసస్ కొండల్లోని దేశం.

వాటి యజమాని రాఘవులు గారు డెబ్బై రెండేళ్ళ రిటైర్డ్ ఇంజనీరు. కుర్రతనంలో సోవియట్ స్కాలర్‌షిప్ మీద జార్జియా రాజధాని తిబిలిసి వెళ్ళి ఐదేళ్ళు చదువుకున్నారు. ఆ ఐదేళ్ళను మరిచిపోలేక, కెనడా వచ్చాక ఒక్కొక్కటే కొని ఈ నాణేలు పోగుచేశారు. మార్చిలో ఇంటి ముందు మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుని ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఈస్టర్ తరవాతి మంగళవారం ఇంటికొచ్చి సొరుగు తెరిస్తే, నల్లగా చిలుము పట్టి ఉండాల్సిన నాణేలు పదకొండూ తళతళా మెరుస్తున్నాయి. ఆయన బెంబేలెత్తి గంటలోపే ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశారు. ఆ ఇరవై ఆరు రోజులూ ఇంట్లో ఉన్నది ఆయన్ని చూసుకునే కేర్‌గివర్ గ్లోరియా ఒక్కతే.

నన్ను పెట్టుకున్నది రాఘవులు గారి కూతురు అమృత. రెజైనాలో గవర్నమెంటు ఉద్యోగం. బుధవారం ఫోన్ చేసి, "గ్లోరియా దొంగ కాదంకుల్. ఇక్కడే స్థిరపడటానికి ఆ అమ్మాయి పెట్టుకున్న పీఆర్ చివరి స్టేజ్‌లో ఉంది. ఇప్పుడు కేసు పెడితే అంతా పోతుంది. పాలకొల్లులో అమ్మమ్మ దగ్గర ఆరేళ్ళ కూతుర్ని వదిలి వచ్చింది. నేను రాలేని పరిస్థితి, మీరే వెళ్ళాలి" అంది. తండ్రి ఆసుపత్రి నుంచి వచ్చినా రాలేని కూతురు ఎందుకో అని నాకు కాస్త కోపమే వచ్చింది గాని, అడగలేదు.

తలుపు తీసింది గ్లోరియాయే. ముప్పై లోపు పిల్ల. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"రండంకుల్. కాఫీ పెట్టమంటారా?"

"నాది నర్సాపురం అమ్మా. నీది పాలకొల్లటగా."

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. "అవునండి. మరి మీరైనా నమ్ముతారాండి నన్ను?"

"నమ్మకాలు తరవాత. ముందు ఆ సొరుగు చూపించు" అన్నాను. ఇలాంటప్పుడు ఓ మంచి మాట చెప్పడం నాకు చేతకాదు. మా ఆవిడ పాతికేళ్ళుగా ఇదే మొత్తుకుంటోంది.

చదువుకునే గదిలో రాఘవులు గారు వాకర్ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద ల్యాప్‌టాప్, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, చేతులకు తెల్లటి గ్లవ్స్‌తో శంకర్.

"వచ్చినవా అన్నా? కూసో. చాయ్ తాగి పో. కేసు అయిపాయె."

"అయిపోతే ఇంకా నువ్వెందుకున్నావు తమ్ముడూ?"

"లెటర్ టైప్ చేస్తున్న. రెండింటికి పంపిస్త."

నిరుడు మిస్సిసాగాలో ఒక నెక్లెస్ కేసులో నేను రెండు వారాలు తిరిగి పట్టుకున్న ఆధారాన్ని తన రిపోర్టులో రాసుకుని ప్రమోషన్ కొట్టేసిన ఘనుడు వీడు. అయినా పనిమంతుడు కాదని మాత్రం అనను. రెండేళ్ళ కిందట ఈ నాణేలను ఇన్సూర్ చేసినప్పుడు వీడే వచ్చి ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసి, తూచి లిస్టు రాసుకున్నాడు. ఇప్పుడు ఆ లిస్టే నా ముందు పడేశాడు.

"చూడు. ఒక్కదాని రంగు కలుస్తలేదు, ఒక్కదాని బరువు కలుస్తలేదు. ఎనిమిది వందల ఏండ్ల చిలుము ఎట్ల మాయమైతది? అసలువి తీసి కొత్తవి పెట్టిన్రు. ఇంట్ల ఉన్నది ఒక్కతే. ఇంకేం గావాలె?"

నేను నాణేల ట్రే ముందుకు లాక్కున్నాను. ఎర్ర వెల్వెట్‌లో పదకొండు గుంటలు, గుంటకొక నాణెం. ఏ రెండూ ఒకలా లేవు. ఒకటి చేపలా ఉంది. ఒకటి విరిగిన అప్పడం ముక్కలా ఉంది.

"ఇలా వంకరటింకరగా ఉన్నాయేమిటండీ?" అని రాఘవులు గారిని అడిగాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "జార్జియాని ఏలిన రాణి తామార్ కాలం నాటివి అలాగే ఉంటాయి రాజు గారూ. గుండ్రంగా కోసే ఓపిక వాళ్ళకి లేదు. ఏ రాగి ముక్క దొరికితే దాని మీదే ముద్ర కొట్టేవాళ్ళు. ఆ పైన ఖజానా వాళ్ళు ఇంకో చిన్న ముద్ర కొట్టి వదిలేవాళ్ళు. ఒక పక్క జార్జియన్ అక్షరాలు, రెండో పక్క అరబ్బీ. చుట్టుపక్కల వర్తకులంతా అరబ్బీ చదివేవాళ్ళుగా మరి." కళ్ళు మూసుకుని, నాణెం చూడకుండానే చదివారు. "రాణులకు రాణి, లోకానికీ మతానికీ శోభ, గియోర్గి కూతురు తామార్, మెస్సీయకు అండ."

"బాగా కంఠతా వచ్చినట్టుందే."

"ఒక వంటింట్లో నేర్చుకున్నాను. బయట మంచు కురుస్తుండేది. స్టవ్ మీద బీన్స్ ఉడుకుతుండేవి. కిటికీ అద్దం మీద ఆవిరి పడితే దాని మీద వేలితో అక్షరాలు రాసి నేర్పేవాళ్ళు నాకు." ఆయన వయసు ఒక్కసారిగా నలభై ఏళ్ళు తగ్గి మళ్ళీ పెరిగినట్టనిపించింది నాకు. "అవన్నీ పోయినట్టే. ఇవి నావి కావు."

"శంకరూ, నీ ఫోటోలు అసలు సైజులో ప్రింట్ తీసివ్వగలవా?"

"తీస్త. తీస్తే ఏమొస్తది?" అంటూనే పక్కనున్న ప్రింటర్లోంచి తీసి ఇచ్చాడు.

చేప నాణేన్ని దాని ఫోటో మీద పెట్టాను. అంచు అంచుకి అతికినట్టు సరిపోయింది. తోక దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. ఫోటోలోనూ అక్కడే ఉంది.

"ఫోటో చూసి చేసిన్రు" అన్నాడు శంకర్.

"నీ ఫోటో నీ కంపెనీ ఫైల్లో ఉంది. పాలకొల్లు పిల్లకి ఎలా దొరికింది?"

నేను భూతద్దం తీశాను. ఖజానా వాళ్ళు కొట్టిన చిన్న ముద్ర లోతుగా దిగి ఉంది. ఆ లోతులో ఏదో గోధుమరంగు పీచు. గుండుసూదితో దాన్ని బయటికి లాగి, నాలిక మీద పెట్టుకున్నాను.

"అన్నా! ఎవిడెన్స్ తింటున్నవా?"

పుల్లగా ఉంది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే అమ్మ గుర్తొచ్చింది. మా నర్సాపురం చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం. ముందు రోజు శనివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం వాళ్ళంతా చర్చి వరండాలో కూర్చుని బల్ల మీద పెట్టే ఇత్తడి పళ్ళేలూ, రాగి చెంబులూ తోమేవాళ్ళు. నానబెట్టిన చింతపండు, గళ్ళుప్పు. మా అమ్మ చేతులు సాయంత్రం దాకా అదే వాసన వేసేవి. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టేది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. చింతపండుతో తోమిన రాగికి వచ్చే ఆ గులాబీ రంగుని కెనడాలో, ఒక ఇన్సూరెన్స్ కేసులో మళ్ళీ చూస్తాననుకోలేదు. ట్రే చూడగానే గుర్తుపట్టాల్సింది. సిగ్గుచేటు.

"గ్లోరియా, ఇలా రామ్మా" అని పిలిచాను.

ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"ఈస్టర్ ముందు శనివారం నువ్వేం చేశావో గంటగంటకీ చెప్పు."

"పొద్దున పదింటికి తాతగారికి ఆసుపత్రికి కేరేజీ పట్టుకెళ్ళానండి. పన్నెండున్నరకి వచ్చేశాను. ఇల్లు తుడిచాను. రెండింటికి..." ఆగింది. చీర లేదు గాని, ఉంటే కొంగు నలిపేదే. టీషర్ట్ అంచు నలిపింది.

"రెండింటికి?"

"బిళ్ళలు కడిగానండి."

శంకర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "కడిగినవా? మూడు దినాల సంది అడుగుతుంటే చెప్పలేదేంది మరి?"

"మార్చావా, అమ్మావా, ఎవరికిచ్చావు అని అడిగారండి మీరు. కడిగావా అని ఎవరూ అడగలేదు." ఆమె మళ్ళీ టీషర్ట్ అంచు పట్టుకుంది. "ఆ సొరుగు ముట్టుకోవద్దని తాతగారు చెప్పారు. ముట్టుకున్నానంటే ఆ ఒక్క మాటకే పంపించేస్తారని భయమేసిందండి."

"మరి ఎందుకు ముట్టుకున్నావమ్మా?"

"తాతగారే ఓసారి చెప్పారండి, వాటి మీద మెస్సీయ పేరుందని. తామారు పేరు బైబిల్లో కూడా ఉంది కదండీ. దేవుడి పేరున్న రాగి అలా మకిలిపట్టి పడుంటే, అందులోనూ ఈస్టర్ పండక్కి, మనసొప్పలేదండి. ఆయనా ఆసుపత్రిలో ఉన్నారు. శుభ్రంగా తోమి పెడితే ఇంటికొచ్చి చూసుకుని సంతోషిస్తారనుకున్నాను. మా అమ్మ చర్చి సామాను అలాగే తోముద్దండి."

రాఘవులు గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. నాణేలు పోగుచేసేవాళ్ళకి చిలుమంటే ప్రాణం. అది ఉంటేనే విలువ, అది ఉంటేనే వయసు. రాణి తామార్ నాటి నుంచీ పట్టిన చిలుమును ఈ పిల్ల ఉప్పూ చింతపండూ వేసి వదిలించేసింది.

"ఎంతసేపు పట్టిందమ్మాయ్?" అని అడిగారాయన, తల ఎత్తకుండానే.

"గంటండి."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు.

శంకర్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "కథ మంచిగున్నది. సాక్ష్యం?"

"వంటింట్లోకి రా" అన్నాను.

షెల్ఫు మీద గాజు సీసాలో పాత కెనడా సెంట్లు ఉన్నాయి, ఇప్పుడు చెలామణిలో లేని రాగివి. అందులో బాగా నల్లబడినది ఒకటి వాణ్ణే ఏరమన్నాను. గ్లోరియా చింతపండు తడిపి ఇచ్చింది. ఉప్పు వేసి బొటనవేలితో రుద్దాను. నిమిషమున్నరలో అది ట్రేలోని నాణేల రంగుకి వచ్చింది. శంకర్ దాన్ని కిటికీ దగ్గర తిప్పితిప్పి చూశాడు.

"మరి బరువులు?" అన్నాడు, ఈసారి గొంతు కొంచెం తగ్గించి.

పన్నెండు దాటింది. మళ్ళీ గదిలోకి వెళ్ళి ఒక్కొక్కటే తూచాం. చేప నాణెం లిస్టులో ఏడున్నర గ్రాములు. ఇప్పుడు దానికి పదో వంతు గ్రాము తక్కువ. అప్పడం ముక్కా అంతే. తరవాతదీ అంతే.

"అన్నీ కొంచెం కొంచెమే తగ్గాయి, గమనించావా? దొంగవి పోత పోస్తే తేడా ఇంత తక్కువగా, ఇంత సమానంగా రాదు. ఇది చిలుము బరువు తమ్ముడూ. సింకులో పోయింది."

శంకర్ పెదవి విరిచాడు గాని కాదనలేదు. గ్లోరియా గోడకి ఆనుకుని "స్తోత్రం ప్రభువా" అని పైకే అంది. నాకూ ఛాతీ విరుచుకోవాలనిపించింది. ఎనిమిది, తొమ్మిది, పది. అన్నీ అసలువే. పదకొండోది త్రాసు మీద పెట్టాను.

ఆరు గ్రాముల పన్నెండు. లిస్టులో ఆరు గ్రాముల ఎనభై నాలుగు ఉంది.

ఫోటో మీద పెడితే చుట్టూ సన్నని అంచు మిగిలిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. మిగతా పదీ గులాబీ రంగు. ఇది పసుపు. రాగి కాదు, ఇత్తడి. అసలుదాని అచ్చు తీసి పోత పోస్తే చల్లారేటప్పుడు కాస్త చిన్నదవుతుంది. అదే జరిగింది.

శంకర్ నవ్వాడు. "చూసినవా? పది కడిగింది, ఒకటి మింగింది. కడుగుడంతా నాటకం."

"లేదండి!" అంది గ్లోరియా. "అదొక్కటే తోముతుంటే నల్లటి రంగు ఊడొచ్చిందండి, షూ పాలిష్ లాగ. మిగతావాటికి ఆకుపచ్చ నీళ్ళొచ్చాయి. ఇదేంటి ఇలా ఉందనుకున్నాను గానీ నాకేం తెలుస్తుందండి?"

"రంగు పూసిందీ నువ్వే అయితవ్. ఒకటి పోయినా దొంగతనం దొంగతనమే. అన్నా, టైమ్ ఒంటిగంటకు పది తక్కువ. నాకింక గంటే ఉన్నది."

గ్లోరియా కింద కూర్చుండిపోయింది. నేనే ఆమెను పైకి లేపి, నేనే పడేసినట్టయింది. పొద్దున ఆ నాణేలన్నీ దొంగవేనని ఊరుకుని ఉంటే అనుమానం మాత్రమే ఉండేది. ఇప్పుడు నేనే ఒక దొంగ నాణేన్ని నా చేతులతో పైకి తీశాను. నా మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

"ఇది ఏ నాణెం?" అని అడిగాను.

రాఘవులు గారు కిటికీ వైపు చూస్తున్నారు. తామార్ నాణేల గురించి అడగకుండానే చెప్పిన మనిషి, దీని గురించి నోరు విప్పలేదు. శంకర్ లిస్టు చదివాడు. "పన్నెండు వందల పదో సంవత్సరంది. తామార్ తరవాత రాజైన ఆమె కొడుకు కొట్టించిండు. మీద రాసింది, 'తామార్ కొడుకు గియోర్గి'. రెండో పక్క, 'మెస్సీయ ఖడ్గం'."

రాజు అయ్యుండి తల్లి పేరు చెప్పుకున్నాడన్నమాట. నేను ఆ గుంటలో వేలు పెట్టి వెల్వెట్ అడుగున ఉన్న చీటీ తీశాను. ప్రతి గుంటలోనూ అలాంటి చీటీ ఉంది. నాణెం పేరు, కొన్న ఏడాది, బరువు. నీలం సిరా, గుండ్రటి దస్తూరి. అంకెలు మాత్రం తెలుగు అంకెలు. ఈ రోజుల్లో క్యాలెండర్‌లో కూడా కనపడని అంకెలు. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను కాబట్టి చదవగలిగాను.

చేప చీటీ మీద బరువు లిస్టుతో సరిపోయింది. అప్పడం ముక్కదీ సరిపోయింది. తామార్ కొడుకు చీటీ మీద ఉన్నది ఆరు గ్రాముల పదిహేడు.

"శంకరూ, రెండేళ్ళ కిందటి నీ ఫోటోల్లో చీటీలు పడ్డాయా?"

వాడు ల్యాప్‌టాప్ మీద పెద్దది చేసి చూశాడు. "పడ్డది. కానీ ఈ అంకెలు నాకు రావు."

నాకు వచ్చు. ఫోటోలోని చీటీ మీద ఆరు గ్రాముల ఎనభై నాలుగు ఉంది.

"గ్లోరియా, ఈ అంకె ఎంతో చెప్పు."

ఆమె చీటీని అటూ ఇటూ తిప్పింది. "మేం ఇంగ్లీష్ మీడియం అండి. ఇవి తెలుగు అంకెలాండి?"

నేను కుర్చీ లాక్కుని రాఘవులు గారికి ఎదురుగా కూర్చున్నాను.

"దొంగ నాణేన్ని తూచి, దాని బరువు ఈ చీటీ మీద రాసింది మీరు. అది నల్లరంగుతో ఉన్నప్పుడే రాశారు, అందుకే ఇప్పటికంటే కాస్త ఎక్కువ. అబద్ధపు నాణెం పెట్టారు గాని, అబద్ధపు బరువు రాయడానికి మీకు చెయ్యి రాలేదు. నలభై ఏళ్ళ అలవాటు కదండీ. అసలుది ఏమైంది?"

ఆయన ఆ చీటీ అందుకుని చూసుకున్నారు. తరవాత మెల్లిగా అన్నారు. "ఇచ్చేశాను."

"ఎవరికి?"

"దాని మీద ఎవరి పేరుందో వాడికే."

శంకర్ నా వైపు చూశాడు. పెద్దాయనకి మతి చలించిందేమో అని వాడి అనుమానం. కాదు. ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి.

"తిబిలిసిలో నేను అద్దెకున్న ఇంటివాళ్ళమ్మాయి పేరు తామార్. తామ్రికో అని పిలిచేవాళ్ళం. కిటికీ మీద అక్షరాలు రాసి నేర్పింది తనే. పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. డెబ్బై తొమ్మిదిలో నా చదువైపోయింది. ముందు నేను వెళ్ళి మా వాళ్ళని ఒప్పించి పిలిపిస్తానన్నాను. మా నాన్న సభల్లో ప్రపంచ కార్మికులంతా ఒకటే అని ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఇంట్లో మాత్రం ఆ పిల్ల పేరెత్తితే ఉరేసుకుంటానన్నాడు. నేను పిరికివాణ్ణి రాజు గారూ. ఏడాది తిరక్కుండా అమృత వాళ్ళమ్మ సుగుణని చేసుకున్నాను. తిబిలిసి నుంచి వచ్చేటప్పుడు తామ్రికో తన తాత దాచుకున్న నాణెం పళ్ళపొడి డబ్బాలో పెట్టి ఇచ్చింది. మిగతా పదీ నేను కొన్నవి. అదొక్కటే నాకు ఇచ్చింది."

"ఆవిడ..."

"పోయింది. మూడేళ్ళ కిందట ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినవాడి పేరు గియోర్గి. నేను తిబిలిసి వదిలిన ఏడో నెలలో పుట్టాడట. నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు. ఇంటిపేరు కూడా తల్లిదే. నిరుడు అక్టోబర్‌లో పాత క్లాస్‌మేట్ల రీయూనియన్ అని అమృతకి చెప్పి వెళ్ళాను. నాణెం వాడి చేతిలో పెట్టాను. వాడికివ్వడానికి నా దగ్గర ఇంకేముంది? అక్కడే ఒకాయన చేత ఇది పోత పోయించుకుని తెచ్చాను. అమృతకి ఆరేళ్ళప్పటి నుంచీ ఈ పదకొండూ పేరుపేరునా తెలుసు. గుంట ఖాళీగా ఉంటే అడుగుతుంది."

"మంగళవారం పదకొండు పోయాయని ఎందుకు చెప్పారండీ మరి?"

"నిజంగానే అన్నీ మార్చేశారనుకున్నాను. పది అని చెబితే పదకొండోది ఏదని అడుగుతారు. అందుకని పదకొండన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఒక్క అంకె కోసం ఈ పిల్ల కూతురు ఇంకెన్నేళ్ళు అమ్మమ్మ దగ్గర ఉండాలండీ? మీకు స్నానం చేయించి, అన్నం తినిపించి, మీ నాణేలకి పండగ చేసినందుకా? అప్పుడు ఒకరికి మాటిచ్చి నోరు మూసుకున్నారు. ఇప్పుడూ అదే పని!"

అనకూడని మాటే. కానీ అనేశాను. ఆయన దెబ్బతిన్నట్టు చూశారు.

"అంకుల్, వదిలేయండి" అంది గ్లోరియా. "తాతగారి గుండె మంచిది కాదు."

శంకర్ గడియారం చూసుకున్నాడు. "సార్, నేను మీ మాట నమ్ముత. కానీ మాట మీద ఫైల్ క్లోజ్ కాదు. నాణెం కనపడాలె. లేకపోతే ఒకటి పోయినట్టే, ఇంట్ల ఉన్నది ఈమె ఒక్కతే. ఒకటీ ముప్పై ఐదు అయింది."

వీడి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. గొంతులో పొద్దుటి సంతోషం లేదు.

"ఫోన్ చేస్తే అమృతకి తెలిసిపోతుంది" అన్నారు రాఘవులు గారు. "వాళ్ళమ్మ పోయినప్పుడు అది నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'అమ్మ అదృష్టవంతురాలు, మీరు అమ్మ దగ్గర ఏదీ దాచలేదు' అంది. రాజు గారూ, నాకు ఇంకెవరున్నారు?"

ఆయన గ్లోరియా వైపు చూశారు. ఆమె తల దించుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తనకి పీఆర్ రాకపోయినా ఫరవాలేదని ఆ పిచ్చిది నిజంగానే అనుకుంటోంది. అది చూశాక ఆయన ఇంక ఆలోచించలేదు. ఫోన్ తీసి వీడియో కాల్ నొక్కారు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది.

నాలుగో రింగుకి ఎత్తారు. నలభై ఐదేళ్ళ మనిషి. నెరిసిన గడ్డం, తెల్లటి ఒళ్ళు. కానీ నుదురూ, చెవులూ అచ్చు రాఘవులు గారివే. డీఎన్ఏ టెస్టు ఎవరికి కావాలి?

రాఘవులు గారు జార్జియన్‌లో ఏదో అడిగారు. తడబడుతూ, వెతుక్కుంటూ మాట్లాడారు. అతను తలూపి, స్క్రీన్ అంచు నుంచి ఎవరి చేతిలోంచో నాణెం తీసుకుని కెమెరా ముందు పెట్టాడు. నల్లగా, పచ్చగా, చిలుముతో నిండుగా ఉంది. శంకర్ తన ఫోటో పక్కన పెట్టుకుని అంచులన్నీ పోల్చాడు. రెండుసార్లు పోల్చి, ల్యాప్‌టాప్‌లో లెటర్ డిలీట్ చేశాడు.

"సార్, మీరు క్లెయిమ్ వాపస్ తీసుకుంటున్నరని రాసుకుంటున్న. చెల్లె, ఇగ ఏడవకు. నీ పేరు నా రిపోర్టుల ఎక్కడా రాదు."

గ్లోరియా మొహం చేతుల్లో దాచుకుంది. నేను స్క్రీన్ వైపే చూస్తున్నాను. గియోర్గి ఆ నాణేన్ని మళ్ళీ పక్కకి అందించాడు. అందుకున్న చేతికి రెండు సన్నని బంగారు గాజులున్నాయి.

"ఆ పక్కనెవరు?" అన్నాను.

ఫోన్ అటు తిరిగింది. సోఫా మీద, సూట్‌కేసు పక్కన, కోటు కూడా విప్పకుండా అమృత కూర్చుని ఉంది.

రాఘవులు గారు ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నారు.

"నాన్నా" అంది అమృత. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఆసుపత్రి ఫారాల కోసమని మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చారు, గుర్తుందా? అప్పుడే చదివాను. నెల రోజులు మీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను, చాలా కోపంగా ఉండింది. ఇంకా ఉంది. అందుకే మీ దగ్గరికి రాకుండా ఇక్కడికొచ్చాను, వచ్చి గంటన్నర అయింది. నాణెం ఇక్కడుందని చూడగానే గ్లోరియా కోసం మీకే ఫోన్ చేద్దామనుకుంటుంటే మీరే చేశారు."

"అమ్మడూ, నేను..."

"మీరు చెప్పేదంతా తరవాత వింటాను. ఇప్పుడు ఫోన్ పెట్టేయకండి. అన్నయ్య మీతో మాట్లాడాలంటున్నాడు."